చింతపల్లి కొండలు, ఢిల్లీ పదవులు: కిశోర్ చంద్రదేవ్ నాలుగు దశాబ్దాల రాజకీయం ఏం చెబుతోంది?

విశాఖపట్నం నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కితే చింతపల్లి వస్తుంది. చలికాలంలో పర్యాటకులు మంచు చూడటానికి ఆ దారినే వెళ్తారు. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా పండే ఊళ్లు అవి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన తొలి దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లింది కూడా చింతపల్లి పోలీస్ స్టేషన్ నుంచే. అప్పుడు గొడవ అడవి మీద హక్కు ఎవరిదని. వందేళ్లు దాటినా ఆ కొండల్లో గొడవ మారలేదు. మారిందల్లా ఒక్కటే. ఇప్పుడు ఆ అడవి కింద బాక్సైట్ ఉందని అందరికీ తెలుసు.

చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లోని జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వాలని ప్రభుత్వాలు ఎన్నోసార్లు ప్రయత్నించాయి. కాగితాలు కదిలాయి, ఒప్పందాలు కుదిరాయి, జీవోలు వచ్చాయి. తవ్వకం మాత్రం మొదలు కాలేదు. దీనికి మొదటి కారణం గిరిజనుల పోరాటం. అందులో అనుమానం లేదు. అయితే ఢిల్లీలో మంత్రి కుర్చీలో కూర్చుని, తన సొంత పార్టీ రాష్ట్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలనే రద్దు చేయాలని గవర్నర్‌కు లేఖ రాసిన ఒక నాయకుడి పేరు కూడా ఈ కథలో వస్తుంది. ఆయనే వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్.

ఐదుసార్లు లోక్‌సభ సభ్యుడు, ఒకసారి రాజ్యసభ సభ్యుడు, రెండుసార్లు కేంద్ర మంత్రి. ఇంత పొడవైన ప్రజా జీవితంలో ఆయన ఏం చేశారు? ఏం చేయలేకపోయారు? ఆయన అధ్యక్షతన పనిచేసిన ఒక కమిటీ సిఫారసుల వల్ల దేశంలో ఎక్కడో ఉన్న ముస్లిం పశుపోషకులకు కూడా ఎలా దారి దొరికింది? ఒక్కొక్కటే చూద్దాం.

కురుపాం నుంచి పార్లమెంటుకు

కిశోర్ చంద్రదేవ్ 1947లో పుట్టారు. ప్రస్తుత పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం జమీందారీ కుటుంబం ఆయనది. కొండదొర తెగకు చెందినవారు. చదువు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో.

1977లో ఎమర్జెన్సీ తర్వాత జరిగిన ఎన్నికల్లో ఉత్తరాది అంతా కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం కాంగ్రెస్ వెంటే నిలిచింది. ఆ ఏడాదే పార్వతీపురం ఎస్టీ రిజర్వుడు స్థానం నుంచి 30 ఏళ్ల వయసులో ఆయన మొదటిసారి లోక్‌సభకు వెళ్లారు. తర్వాత 1980, 1984 ఎన్నికల్లోనూ గెలిచారు. వరుసగా మూడుసార్లన్న మాట.

ఈ మధ్యలో కాంగ్రెస్ చీలికలు, ఢిల్లీలో ప్రభుత్వాల మార్పులు జరిగాయి. 1979 జూలైలో చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. ఆ మంత్రివర్గంలో కిశోర్ చంద్రదేవ్‌కు సహాయ మంత్రి పదవి దక్కింది. శాఖ ఏంటంటే ఉక్కు, గనులు, బొగ్గు. ఆ ప్రభుత్వం కొద్ది నెలలే నడిచింది. అయినా ఒక సంగతి గమనించాలి. 30 ఏళ్ల తర్వాత గనులకు అడ్డం నిలబడిన ఈ నాయకుడు కేంద్రంలో మొదట చూసిన శాఖల్లో గనులు కూడా ఉన్నాయి.

1994 నుంచి 2000 వరకు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు. 2004లో పార్వతీపురం నుంచే మళ్లీ లోక్‌సభకు వచ్చారు. ఆయన చేసిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచేది ఈ దఫాలోనే జరిగింది. అప్పుడు ఆయన మంత్రి కూడా కాదు.

అటవీ హక్కుల చట్టం: కమిటీ ఏం మార్చింది?

అడవిలో తరతరాలుగా బతుకుతున్నవారి పేరు మీద కాగితం ఉండదు. బ్రిటిష్ కాలంలో అడవులను రిజర్వు ఫారెస్టులుగా ప్రకటించినప్పుడు లోపలున్న ఊళ్లను, పోడు భూములను సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. స్వాతంత్ర్యం తర్వాతా అదే తంతు. ఫలితం ఏమిటి? తాత దున్నిన నేలలోనే మనవడు ‘ఆక్రమణదారు’ అయిపోయాడు. ఫారెస్టు గార్డు వచ్చి కేసు పెడితే దిక్కులేదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి యూపీఏ ప్రభుత్వం 2005 డిసెంబర్‌లో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టింది. దాన్ని పరిశీలించడానికి రెండు సభల సభ్యులతో సంయుక్త పార్లమెంటరీ కమిటీ వేశారు. కమిటీ ఛైర్మన్ కిశోర్ చంద్రదేవ్. 2006 మే నెలలో నివేదిక ఇచ్చారు.

అసలు బిల్లుకు, చివరికి వచ్చిన చట్టానికి తేడా చూస్తే కమిటీ పని అర్థమవుతుంది.

మొదటిది తేదీ. అసలు బిల్లులో 1980 అక్టోబర్ 25కు ముందు నుంచి అడవిలో ఉన్నవారికే హక్కు అన్నారు. అంటే పాతికేళ్ల నాటి రుజువు తేవాలి. కమిటీ ఆ తేదీని 2005 డిసెంబర్ 13కు మార్చాలంది. చట్టంలో అదే నిలిచింది.

రెండోది భూమి పరిమితి. బిల్లులో కుటుంబానికి రెండున్నర హెక్టార్లు. చట్టంలోకి వచ్చేసరికి అది 4 హెక్టార్లు అయింది. సాగులో ఉన్నంత భూమికే, అదీ 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తారు. ఈ పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్ముకోవడానికి వీల్లేదు. పెళ్లయినవారైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ పట్టాలో ఉండాలి.

మూడోది ఎవరికి హక్కు అన్నది. అసలు బిల్లు షెడ్యూల్డ్ తెగలకే పరిమితం. కానీ అడవుల్లో బతికేవాళ్లంతా ఎస్టీ జాబితాలో లేరు. తరాలుగా అక్కడే ఉన్న ఇతరుల సంగతి ఏంటని కమిటీ అడిగింది. అలా ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అనే మాట చట్టం పేరులోకే వచ్చింది. వీళ్లు 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఆ అడవిలో నివసిస్తూ దాని మీదే ఆధారపడి ఉన్నట్టు చూపించాలి.

2006 డిసెంబర్‌లో పార్లమెంటు ఈ చట్టాన్ని ఆమోదించింది. 2007 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. మన్యంలో ‘ఆర్ఓఎఫ్ఆర్ పట్టా’ అని, ‘పోడు పట్టా’ అని అందరూ అనేది ఈ చట్టం కింద ఇచ్చినదాన్నే.

ముస్లిం కుటుంబాలకు దీంతో ఏం సంబంధం?

గిరిజనుల చట్టం కదా, మనకేంటి అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే.

ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. ఎస్సీ హోదా విషయంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని షరతుగా పెట్టింది. ఎస్టీల విషయంలో అలాంటి షరతు లేదు. అందుకే జమ్ము కశ్మీర్‌లోని గుజ్జర్లు, బకర్వాల్‌లు ముస్లింలైనా 1991 నుంచి ఎస్టీలే. వేసవిలో మందలను తోలుకుని ఎత్తైన కొండల మీది పచ్చిక బయళ్లకు వెళ్లడం, చలికాలంలో కిందికి దిగడం వారి జీవనం. జమ్ము కశ్మీర్‌కు ఈ చట్టం చాలా ఆలస్యంగా, 2019లో రాష్ట్ర ప్రతిపత్తి మారిన తర్వాతే వర్తించింది. చట్టంలో మేత హక్కు, కాలానుగుణంగా సంచరించే పశుపోషకుల హక్కు స్పష్టంగా రాసి ఉన్నాయి.

ఇక ఉత్తరాఖండ్ అడవుల్లోని వన్ గుజ్జర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. వాళ్లూ ముస్లింలే. గేదెలు మేపుకుని పాలు అమ్ముకుని బతుకుతారు. అక్కడ వారికి ఎస్టీ హోదా లేదు. 2005 బిల్లు ఉన్నది ఉన్నట్టుగా చట్టం అయి ఉంటే వాళ్లు దరఖాస్తు పెట్టుకోవడానికి కూడా అర్హులు కారు. ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అన్న నాలుగు మాటలు చేరడం వల్లే వారికి ఒక తలుపు తెరుచుకుంది. కురుపాం నుంచి వెళ్లిన ఎంపీ అధ్యక్షతన జరిగిన కమిటీ పని హిమాలయాల దిగువన ఉన్న ఒక ముస్లిం సమాజానికి ఇలా అక్కరకొచ్చింది.

తలుపు తెరిచినంత మాత్రాన లోపలికి వెళ్లడం సులువని కాదు. 75 ఏళ్ల రుజువు తేవడం సంచార కుటుంబాలకు చాలా కష్టం. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణకు గురైన దరఖాస్తుదారులను అడవుల నుంచి ఖాళీ చేయించాలని ఆదేశించింది. దేశమంతా ఆందోళన రేగింది. కేంద్రం మళ్లీ కోర్టుకు వెళ్లడంతో అదే నెల 28న ఆ ఆదేశాన్ని కోర్టే నిలిపివేసింది. ఆ రెండు వారాలు అడవుల్లోని లక్షల కుటుంబాలు ఎలా గడిపాయో ఊహించుకోవచ్చు.

మన్యంలో మరో చట్టం కూడా ఉంది. దాని పేరు మాత్రం ఏజెన్సీ సంతల్లో వ్యాపారం చేసే ప్రతి కుటుంబానికీ, ఏ మతం వారైనా, బాగా తెలుసు. అదే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దీని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. గిరిజనుడి నుంచే కాదు, ఇంకో గిరిజనేతరుడి నుంచి కూడా కొనకూడదు. బాక్సైట్ కథ అర్థం కావాలంటే ముందు ఈ చట్టమే తెలియాలి.

సమతా తీర్పు, దాని చుట్టూ తీసిన అడ్డదారి

1997 జూలై 11న సుప్రీంకోర్టు ‘సమతా’ కేసులో చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. సమతా అనేది విశాఖ ఏజెన్సీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. భూ బదలాయింపు నిబంధన దృష్టిలో ప్రభుత్వం కూడా గిరిజనేతర ‘వ్యక్తే’ అని చెప్పింది. అంటే ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు. తవ్వాలనుకుంటే గిరిజనుల సహకార సంఘాలో, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థో తవ్వుకోవచ్చు.

చివరి వాక్యంలోనే దారి వెతికారు. 2005లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జిందాల్ గ్రూపుతో ఒప్పందం చేసుకుంది. కొండ తవ్వేది ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ. తవ్విన బాక్సైట్‌ను మైదానంలో కట్టే కంపెనీ శుద్ధి కర్మాగారానికి సరఫరా చేస్తుంది. తర్వాత అన్‌రాక్ అనే మరో కంపెనీకి కూడా ఇదే పద్ధతి. దాని కర్మాగారం నర్సీపట్నం పక్కన మాకవరపాలెంలో. దానికి ఖనిజం రావాల్సింది జెర్రెల కొండల నుంచి.

కాగితం మీద చూస్తే సమతా తీర్పుకు భంగం లేదు. తవ్వేది ప్రభుత్వమే కదా అంటారు. కానీ తవ్వకం ఎవరి కోసం? లాభం ఎవరికి? కొండ పోయాక మిగిలేది ఏమిటి? గిరిజనులు అడిగిన ప్రశ్నలు ఇవే.

కొండ పైపొరలోని బాక్సైట్ నీటిని ఇముడ్చుకుని ఊటల రూపంలో మెల్లగా వదులుతుందని అక్కడివారు అనుభవంతో చెబుతారు. కాఫీ తోటలు, పొలాలు ఆ ఊటల మీదే ఆధారపడ్డాయి. కొండ పై టోపీ తీసేస్తే కింద వాగులు ఏమవుతాయన్నది వారి భయం. ఆ కొండల నీరు మైదానం రైతులకూ అవసరమే. అందుకే ఇది ఒక్క ఏజెన్సీ సమస్య కాదు.

సొంత ప్రభుత్వానికి ఎదురు నిలిచిన మంత్రి

2009లో నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అరకు లోక్‌సభ స్థానం కొత్తగా ఏర్పడింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం సెగ్మెంట్లు కలిపి అప్పటి నాలుగు జిల్లాల మీదుగా పరిచారు. అంతకుముందు చింతపల్లి ఒక అసెంబ్లీ నియోజకవర్గంగా, భద్రాచలం లోక్‌సభ కింద ఉండేది. పునర్విభజనలో ఆ నియోజకవర్గం రద్దయి చింతపల్లి మండలం పాడేరులో కలిసింది. అలా చింతపల్లి ఓటరు, కురుపాం నాయకుడు ఒకే బ్యాలెట్ మీద కలిశారు. 2009లో కిశోర్ చంద్రదేవ్ కాంగ్రెస్ తరఫున, సీపీఎం నేత మిడియం బాబురావును ఓడించి అరకు తొలి ఎంపీ అయ్యారు.

2011 జూలై 12న మన్మోహన్ సింగ్ మంత్రివర్గ మార్పుల్లో ఆయనకు క్యాబినెట్ హోదా వచ్చింది. గిరిజన వ్యవహారాలు, పంచాయతీరాజ్ శాఖలు రెండూ ఆయనకే ఇచ్చారు. గ్రామసభకు ప్రాణం పోసే రెండు శాఖలూ ఒకే మనిషి చేతికి వచ్చాయన్న మాట.

మంత్రి అయ్యాక ఆయన పట్టుకున్న ఆయుధం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు. దాని గురించి రెండు మాటలు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఏ చట్టమైనా యథాతథంగా వర్తించాలా, మార్పులతో వర్తించాలా, అసలు వర్తించకూడదా అని ప్రకటించే అధికారం గవర్నర్‌కు ఉంది. గిరిజన సలహా మండలి ఉండాలి. గవర్నర్ రాష్ట్రపతికి ఆ ప్రాంతాల పాలన మీద నివేదిక పంపాలి. ఆ ప్రాంతాల పాలన విషయంలో కేంద్రం రాష్ట్రానికి ఆదేశాలు కూడా ఇవ్వొచ్చు. ఇన్ని ఉన్నా, ఈ అధికారాలు దశాబ్దాలుగా కాగితం మీదే ఉండిపోయాయి.

కిశోర్ చంద్రదేవ్ వాటిని కదిలించే ప్రయత్నం చేశారు. విశాఖ ఏజెన్సీ బాక్సైట్ ఒప్పందాలు గిరిజనుల హక్కులకు, రాజ్యాంగానికి విరుద్ధమనీ, ఐదో షెడ్యూలు అధికారాలతో వాటిని రద్దు చేయాలనీ అప్పటి గవర్నర్ ఈ.ఎస్.ఎల్. నరసింహన్‌కు లేఖ రాశారు. రాష్ట్రంలో అధికారంలో ఉన్నది కాంగ్రెస్. ఒప్పందం చేసింది కాంగ్రెస్. లేఖ రాసింది కాంగ్రెస్ మంత్రి. రాజకీయాల్లో ఇలాంటివి అరుదుగా జరుగుతాయి.

ఆయన హయాంలోనే 2012 సెప్టెంబర్‌లో అటవీ హక్కుల చట్టం నిబంధనలను సవరించి, దరఖాస్తుల పరిశీలనలో గ్రామసభ పాత్రను, అటవీ ఉత్పత్తుల మీద హక్కును మరింత స్పష్టం చేశారు. చింతపండు, తేనె, కరక్కాయ లాంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో వచ్చింది. వరికి, గోధుమకు మద్దతు ధర గురించి అందరికీ తెలుసు. అడవిలో ఏరుకొచ్చిన దానికి కూడా ధర హామీ ఉండాలన్న ఆలోచన అంతవరకు కేంద్రం స్థాయిలో పథకంగా రాలేదు.

ఇదే సమయంలో పొరుగున ఒడిశాలో నియమగిరి కేసు నడిచింది. అక్కడా బాక్సైటే, అక్కడా కొండే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తవ్వకంపై గ్రామసభలే నిర్ణయించాలని చెప్పింది. ఒడిశా ప్రభుత్వం 12 గ్రామాలను ఎంపిక చేస్తే, అలా పరిమితం చేయడాన్ని కిశోర్ చంద్రదేవ్ శాఖ తప్పుపట్టింది. చివరికి ఆ 12 గ్రామసభలూ ‘వద్దు’ అన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. జెర్రెల గ్రామాలకు నియమగిరి ఒక ధైర్యం ఇచ్చింది.

ఆయన మీద ఉన్న విమర్శలు

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి.

కేంద్ర మంత్రిగా దాదాపు మూడేళ్లు ఉండి కూడా ఆయన ఆ ఒప్పందాలను రద్దు చేయించలేకపోయారు. లేఖ రాయడం వేరు, ఉత్తర్వు తేవడం వేరు. గవర్నర్ తనంతట తాను నిర్ణయం తీసుకోవచ్చా, రాష్ట్ర మంత్రివర్గం సలహా మీదే నడవాలా అన్న పాత వాదన మధ్య ఆ అధికారం ఇరుక్కుపోయింది. కేంద్రం నేరుగా ఆదేశం ఇచ్చే అవకాశం రాజ్యాంగంలో ఉన్నా, ఒకే పార్టీ ప్రభుత్వాల మధ్య అది జరగలేదు. అంత వ్యతిరేకత ఉంటే పార్టీలో ఎందుకు కొనసాగారని వామపక్షాలు అడిగాయి. ఏజెన్సీలో బాక్సైట్ వ్యతిరేక పోరాటాన్ని మొదటి నుంచి వీధుల్లో నడిపింది మేమే అని వారి మాట. అందులో నిజం ఉంది.

అటవీ హక్కుల చట్టం అమలు కూడా అంతే. పట్టాలు వచ్చినచోట సాగు చేస్తున్నదానికంటే తక్కువ భూమికే వచ్చాయన్న ఫిర్యాదులు మన్యంలో ఇప్పటికీ వినిపిస్తాయి. చట్టం రాయడం ఒక ఎత్తు, తహసీల్దార్ ఆఫీసు దాకా అది నడిచి రావడం ఇంకో ఎత్తు.

ఇంకో కమిటీ విషయం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2008 జూలై 22న అణు ఒప్పందం గొడవలో మన్మోహన్ ప్రభుత్వం విశ్వాస పరీక్ష ఎదుర్కొన్న రోజు, ముగ్గురు బీజేపీ ఎంపీలు లోక్‌సభలో నోట్ల కట్టలు చూపించారు. దేశం అంతా టీవీల్లో చూసిన ఆ ఘటనపై వేసిన పార్లమెంటరీ విచారణ కమిటీకి కూడా కిశోర్ చంద్రదేవే ఛైర్మన్. పెద్ద నాయకుల మీద ఆరోపణలకు తగిన ఆధారాలు దొరకలేదని, కొందరి పాత్రపై మరింత దర్యాప్తు జరగాలని కమిటీ చెప్పింది. ప్రతిపక్ష సభ్యులు దీనితో విభేదించారు. అధికార పక్షం ఎంపీ నేతృత్వంలోని కమిటీ అధికార పక్షాన్ని ఎంత గట్టిగా ప్రశ్నించగలదన్న సందేహం అప్పుడే వచ్చింది.

ఓటమి, పార్టీ మార్పు, ఒక వింత పోటీ

2014లో రాష్ట్ర విభజన మీద కోపంతో ఆంధ్రప్రదేశ్ ఓటరు కాంగ్రెస్‌ను తుడిచిపెట్టాడు. 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 175 అసెంబ్లీ స్థానాల్లోనూ సున్నానే. అరకులో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కొత్తపల్లి గీత గెలిచారు. కిశోర్ చంద్రదేవ్ ఓడిపోయారు. అక్కడి ఓటరు బాక్సైట్ లేఖను చూసి ఓటేయలేదు, విభజనను చూసి వేశాడు.

మరుసటి ఏడాది బాక్సైట్ మళ్లీ లేచింది. 2015 నవంబర్ 5న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. చింతపల్లి, జెర్రెల రిజర్వు ఫారెస్టుల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ తవ్వకాల కోసం ఏపీఎండీసీకి అప్పగించే జీవో అది. చింతపల్లి భగ్గుమంది. సభలు, బంద్‌లు జరిగాయి, అన్ని పార్టీల గిరిజన నాయకులూ రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి జీవోను పక్కన పెట్టింది, కానీ రద్దు చేయలేదు. అంటే ఎప్పుడైనా దుమ్ము దులిపి బయటికి తీయొచ్చు.

ఇక 2019 ఎన్నికలు. కిశోర్ చంద్రదేవ్ కాంగ్రెస్ వదిలి తెలుగుదేశంలో చేరారు. అరకు నుంచి టీడీపీ అభ్యర్థిగా నిలిచారు. బాక్సైట్‌కు వ్యతిరేకంగా గవర్నర్‌కు లేఖ రాసిన నాయకుడు జీవో 97 ఇచ్చిన పార్టీ గుర్తు మీద ఓటు అడిగారు. కాంగ్రెస్ ఆయన మీద ఎవర్ని నిలబెట్టిందంటే, ఆయన కూతురు శ్రుతిదేవిని. తండ్రీ కూతుళ్లు ఒకే స్థానంలో ఎదురెదురుగా.

గెలిచింది మాత్రం మూడో మనిషి. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గొడ్డేటి మాధవి 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆమె తండ్రి గొడ్డేటి దేముడు సీపీఐ తరఫున చింతపల్లికి రెండుసార్లు ఎమ్మెల్యేగా పనిచేశారు. ఏజెన్సీలో నిరాడంబరతకు ఆయన పేరు చెబుతారు. జమీందారీ వారసుడిని చింతపల్లి కమ్యూనిస్టు ఎమ్మెల్యే కూతురు ఓడించింది. నియోజకవర్గం జాబితా నుంచి చింతపల్లి పేరు పోయినా, అక్కడి రాజకీయం మాత్రం పోలేదని ఆ ఫలితం చూపించింది.

అదే ఏడాది జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం జీవో 97ను రద్దు చేసింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. చింతపల్లి ఇప్పుడు ఆ జిల్లాలో ఒక మండలం.

ఈ ప్రయాణం నుంచి ఓటరు తెలుసుకోవాల్సింది

కిశోర్ చంద్రదేవ్ రాజకీయ జీవితాన్ని దగ్గరగా చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఆయన పెద్ద పదవిలో ఉన్నప్పుడు చేసిన పని కంటే, మంత్రి పదవి లేని రోజుల్లో ఒక కమిటీలో కూర్చుని బిల్లులో మార్పించిన తేదీ, చేర్పించిన మాటలు ఎక్కువ కాలం నిలిచాయి. మంత్రిగా రాసిన లేఖలకు రాష్ట్రం కదలలేదు. కమిటీ సిఫారసు మాత్రం చట్టం అయింది. ప్రభుత్వాలు మారినా అది అలాగే ఉంది.

మన ఎంపీ ఏం చేశాడని అడిగేటప్పుడు మనం రోడ్డు, బ్రిడ్జి, పింఛను గురించే అడుగుతాం. అవి కావాల్సినవే. కానీ పార్లమెంటు కమిటీల్లో ఎవరు ఉన్నారు, ఏ బిల్లు మీద ఏం అడిగారు అన్నది ఎవరూ అడగరు. టీవీలో రాదు కాబట్టి వార్త కాదనుకుంటాం. ఒక చట్టంలో ‘షెడ్యూల్డ్ తెగలు’ అన్న మాట పక్కన ఇంకో నాలుగు మాటలు చేరాయా లేదా అన్నదాని మీద వన్ గుజ్జర్ కుటుంబం అడవిలో ఉండటమా, పోవడమా అన్నది తేలింది. అల్పసంఖ్యాక సమాజాలు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. మైనారిటీల బిల్లు అని పేరున్నవే మనకు సంబంధించినవి కావు. భూమి, అడవి, పౌరసత్వం, విద్య, పంచాయతీ, ఏ బిల్లులోనైనా మన వాళ్లెవరో ఒక మూల ఉంటారు.

జీవోల సంగతి కూడా చూశాం. ఒక ప్రభుత్వం ఇచ్చిన జీవోను ఇంకో ప్రభుత్వం రద్దు చేసింది. రేపు ఇంకొకరు కొత్తది ఇవ్వొచ్చు. జెర్రెల కొండల్లో బాక్సైట్ అలాగే ఉంది, దాని ధర పెరుగుతూనే ఉంటుంది. జీవో కంటే గట్టిగా నిలిచేవి మూడే: సమతా తీర్పు, వన్ ఆఫ్ సెవెంటీ, గ్రామసభకు అధికారం ఇచ్చిన చట్టాలు. వాటిలో గ్రామసభ బలంగా ఉండాలంటే ఊరివాళ్లు వచ్చి కూర్చోవాలి, చదవకుండా సంతకం పెట్టకూడదు.

అల్లూరి తుపాకులు పట్టుకెళ్లిన పోలీస్ స్టేషన్ చూడటానికి చింతపల్లికి వెళ్లేవాళ్లు, అక్కడి నుంచి జెర్రెల వైపు కూడా ఒకసారి చూడాలి. కాఫీ తోటల మీద నీడ పరుచుకున్న ఆ కొండలు ఇంకా తవ్వకుండా ఉన్నాయి. ఎవరి వల్ల అని అడిగితే అక్కడివారు ముందు తమ ఊళ్ల పేర్లు చెబుతారు, ఆ తర్వాతే నాయకుల పేర్లు. ఆ వరస సరైనదే.